నాలుగో మూల

ఇటుక మీద ఇటుక పెట్టే కుర్రవాడు ఎక్కడో ఒకచోట ఉంటేనే నాగరికత నిలబడుతుంది. ఈ సత్యాన్ని పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడాది పైవాళ్ళు అధికారికంగా కనుగొన్నారు. అంతకుముందు కట్టినవన్నీ ఈ సత్యం తెలియకుండానే కట్టేశారు. కనుగొన్న వెంటనే దానికొక కార్యాలయం పెట్టారు. దాని పేరు నిర్మాణ వృత్తుల యువజన ఆకర్షణ, నిలుపుదల సంస్థ, గోదావరి ప్రాంతీయ విభాగం, రాజమండ్రి. (బోర్డు మీద పేరంతా పట్టలేదు. 'ఆకర్షణ' దాకా రాసి ఆపేశారు. నిలుపుదల సంగతి వచ్చే బడ్జెట్టులో చూద్దామన్నారు.)

ఆ కార్యాలయం దానవాయిపేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మీద రెండు గదుల్లో ఉండేది. కింద అందరూ ఒకే అక్షరాన్ని పదేపదే కొడుతుంటే, పైన రాజేంద్ర ఒంటరిగా కూర్చుని యువత మనసు గురించి ఆలోచిస్తుండేవాడు. అతనే ఆ విభాగానికి అధికారి. మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే చేశాడు. ఉద్యోగం కాంట్రాక్టుది. యువకులు నిలిస్తే ఉద్యోగం నిలుస్తుంది. అంచేత నిలుపుదల మీద అతనికున్నంత శ్రద్ధ ఇంకెవరికీ ఉండే అవకాశం లేదు.

కుర్రాళ్ళు తాపీ పనిలోకి ఎందుకు రావడం లేదు? ఎండ అని కొందరు, నడుం నొప్పని కొందరు, కూలి చాలదని ఎక్కువమంది చెప్పారు. ఇవన్నీ పైపై కారణాలు కనుక రాజేంద్ర పక్కన పెట్టాడు. అసలు లోపం ఆత్మభావనలో ఉందని తేల్చాడు. మనిషి తనని తాను ఏమనుకుంటాడో అదే పని చేస్తాడు. కాబట్టి తాపీ పనివాణ్ణి ఇకనుంచి 'నిర్మాణ సహచరుడు' అని పిలవాలనీ, అతనికి నీలం చొక్కా, చొక్కాకి జేబు, జేబులో పెన్ను, మెడలో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇవ్వాలనీ రాసి పంపాడు. వారం తిరక్కుండా మంజూరైంది. (అంతకుముందు పంపిన సిమెంటు బస్తాల అర్జీ ఇంకా పరిశీలనలో ఉంది.)

ఆకర్షణ మొదటి నెలలోనే విజయం సాధించింది. తుని నుంచీ పాలకొల్లు నుంచీ కూడా కుర్రాళ్ళు వచ్చారు. ఫొటోలు దిగారు, కార్డులు వేసుకున్నారు, అద్దంలో చూసుకున్నారు. మెడలో కార్డు వేసుకుని ఇటుకలు మోయడం ఏం బాగుంటుందని వాళ్ళకే అనిపించింది. కార్డుతో సహా వెళ్ళిపోయారు. ఒకడికి సెల్‌ఫోన్ల షాపు గుమ్మం దగ్గర నిలబడే ఉద్యోగం దొరికింది. ఇంకొకడు ప్రైవేటు ఆస్పత్రి లిఫ్టులో మీటలు నొక్కుతున్నాడు. ఇద్దరికీ మెడలో ఆ కార్డు చూసే ఉద్యోగాలిచ్చారు. ఆత్మభావన సిద్ధాంతం అక్షరాలా నిజమని తేలింది. అది ఏ వైపుకి పనిచేస్తుందో మాత్రం సిద్ధాంతంలో లేదు.

వెళ్ళిపోయే ప్రతివాడి చేతా ఒక పత్రం నింపించాలని నియమం. 'ఈ వృత్తిని వీడే క్షణాన మీలో కలిగిన భావం' అనే గడిలో అందరూ ఒకే మాట రాశారు: ఎండ. రాజేంద్ర దాన్ని 'బాహ్య ప్రేరణ లోపం' అనే శీర్షిక కింద చేర్చి హైదరాబాదు పంపాడు. హైదరాబాదు నుంచి ప్రేరణ మీద ఒక పుస్తకం వచ్చింది.

ఇలా ఉండగా ధవళేశ్వరం వెళ్ళే దారిలో, కాలవ గట్టు పక్కన, యువ తాపీ భవనం లేస్తోంది. యువకులే దాన్ని కట్టాలి. కడుతూ పని నేర్చుకోవాలి. నేర్చుకున్నాక అందులో చేరి శిక్షణ పొందాలి. (ఈ క్రమాన్ని గురించి ఎవరూ ప్రశ్నించలేదు.) వాళ్ళకి నేర్పడానికి సత్తియ్య అనే మేస్త్రిని నియమించారు. అరవై దాటినా నిచ్చెన అక్కర్లేకుండా పరంజా ఎక్కే మనిషి.

సత్తియ్య రాజేంద్రకి కన్నతండ్రి. అధికారికీ శిక్షకుడికీ బంధుత్వం ఉండరాదని నిబంధన కాబట్టి ఈ సంగతి ఇద్దరూ ఎక్కడా చెప్పలేదు. పని దగ్గర తండ్రి కొడుకుని 'సార్' అనేవాడు. కొడుకు తండ్రిని 'సత్తియ్య గారూ' అనేవాడు. ఇదంతా నటనే అని రాజేంద్ర తనకి తాను చెప్పుకునేవాడు. కానీ 'సార్' అన్న ప్రతిసారీ సత్తియ్య మొహంలో ఒక తృప్తి కనబడేది. ఇన్నేళ్ళూ సిమెంటు మాలు కలిపింది ఈ ఒక్క మాట అనడానికే అన్నట్టుండేది. ఆ తృప్తికి శాస్త్రంలో ఒక పేరుంది. రాజేంద్రకి అది తెలుసు. ఎందుకో గుర్తు తెచ్చుకునేవాడు కాదు.

సత్తియ్యకి తన గురువు దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. గోడకి ప్రాణం మూలలో ఉంటుంది. మూలలు మేస్త్రి కడతాడు. రెండు మూలల మధ్యా దారం లాగితే, ఆ దారం వెంట ఇటుకలు పేర్చుకుపోవడం చెయ్యి తిరిగిన ఎవడైనా చేస్తాడు. పని నేర్చుకునేవాడికి ఏదో ఒక రోజున మేస్త్రి ఒక మూల వదిలేస్తాడు. నోటితో ఏమీ చెప్పడు. తన చేతిలోని తాపీ ఆ మూల మీద పెట్టి, టీకి వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేసరికి మూల లేచి ఉంటే ఆనాటి నుంచి వాడూ మేస్త్రే. (ధ్రువపత్రం, సంతకం, ముద్ర ఏవీ లేని ఈ పద్ధతిని సంస్థ గుర్తించలేదు.) భవనానికి మూడు మూలలు సత్తియ్య కట్టాడు. నాలుగోది కట్టలేదు. రెండు వైపులా గోడలు పళ్ళు పళ్ళుగా వచ్చి అక్కడ ఆగి, ఎవరికోసమో చూస్తున్నట్టు ఉండేవి.

ఆ వచ్చేవాడు గణేష్‌బాబు. పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, సత్తియ్య వాళ్ళ కులంవాడే. సత్తియ్యని వరసకి మావయ్యా అంటాడు. వచ్చినవాళ్ళందరిలో మిగిలింది అతనొక్కడే. అతని గుర్తింపు కార్డు మొదటిరోజే మాలులో పడి కలిసిపోయింది. ఇప్పుడది పడమటి గోడలో ఎక్కడో ఉండాలి. సంస్థ దగ్గరున్న సమాచారం ప్రకారం, అతను నిలిచిపోవడానికి మరో కారణం కనబడలేదు.

సంస్థ సంచాలకులు శ్యామలాంబ గారు ఒకరోజు హైదరాబాదు నుంచి ఫోను చేశారు.

"రాజేంద్ర గారూ, సమీక్షకి వస్తున్నాను. ఒక్క యువకుడు నిలిచి ఉంటే చాలండి. లేకపోతే మీ విభాగం ఎత్తేస్తారు. మీరూ, మీ శిక్షకుడూ ఇద్దరూ ఇంటికే."

"ఒక్కడున్నాడండి మేడమ్."

"జాగ్రత్తగా చూసుకోండి. పక్క విభాగంలో కూడా ఒకడు నిలిచాడు."

"వాళ్ళు ఏ పద్ధతిలో నిలిపారండి?"

"కాలు విరిగింది. ఎక్కడికీ వెళ్ళలేకపోయాడు. అయినా నిలిచినట్టేగా."

మర్నాడు పొద్దున్నే గణేష్‌బాబు ఆఫీసుకి వచ్చాడు. తలకి నూనె రాసి, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను మానేస్తున్నానండి, రాజేంద్ర గారూ."

రాజేంద్ర చెయ్యి దానంతటదే పత్రాల సొరుగు వైపు వెళ్ళింది.

"రాయక్కర్లేదండి. ఎండ కాదు. ఎండ మనకి అలవాటే. జంగారెడ్డిగూడెం సంబంధం కూడా తప్పిపోయిందండి."

"అదేంటి, కుదిరిందన్నారుగా?"

"కుదిరిందండి. ఆఖర్ని పిల్ల తండ్రి నా చెయ్యట్టుకున్నాడు. రేఖలు చూస్తాడేమో అనుకున్నాను. గోళ్ళు చూశాడు." గణేష్‌బాబు తన వేళ్ళు తనే చూసుకున్నాడు. "సిమెంటు గోళ్ళల్లోంచి పోదండి. కొబ్బరినూని రాసినా పోదు, నిమ్మకాయ రుద్దినా పోదు. 'మాది పామాయిల్ తోటల కుటుంబం అండి' అన్నాడు. ఆ తోటల్లో గెలలు కోస్తాడండి ఆయన."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"తునిలో మా స్నేహితుడు సెల్‌ఫోను కూపన్ల కొట్టు పెట్టాడండి. కూర్చోడమే పని. కూర్చునేవాడికి పిల్లనిస్తారంటండి."

రాజేంద్ర గొంతు సవరించుకున్నాడు. శ్రమ గౌరవం గురించి చెప్పాడు. చేత్తో సృష్టించేవాడి మానసిక ఆరోగ్యం గురించి చెప్పాడు. ఈ డెల్టా అంతా పచ్చగా ఉందంటే ధవళేశ్వరం ఆనకట్ట వల్లనేననీ, దాన్ని కట్టింది నీలాంటి చేతులేననీ చెప్పాడు.

"కట్టించిన దొరగారి విగ్రహం గుర్రం మీద ఉందండి," అన్నాడు గణేష్‌బాబు వినయంగా. "మాలు అందించినోడిది ఎక్కడన్నా ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తాను."

కింద టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అదే అక్షరాన్ని మళ్ళీ కొట్టారు.

"అంత గౌరవమైన పనే అయితే ఒక మాటండి. మీకు చెల్లెలుంది. వరస కూడా కలుస్తుంది. సుప్రియని నాకిప్పించేయండి. చచ్చేదాకా పరంజా దిగను."

సంస్థ వేసిన ఏ ప్రశ్నకీ ఇంత సూటిగా జవాబు రాలేదు. నలుగురి ముందూ రోజూ చెప్పే మాట ఒక్కసారి తన ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడితే, లోపల ఎవరో గబుక్కున గడియ పెట్టడం రాజేంద్ర స్పష్టంగా గమనించాడు. పెట్టింది తెలిసిన మనిషే. పలకరించలేదు.

"పైన కనుక్కుని చెబుతాను," అన్నాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర విషయం ఎత్తాడు. సత్తియ్య ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"వాడి చెయ్యి మంచిదిరా. నా ఎరికలో వాడంత నిటారుగా గోడ లేపినోడు లేడు. వాడు పోతే మళ్ళీ అలాంటోడు దొరకడు."

"అయితే ఇద్దామా?"

"పిల్లనా? తాపీవోడికా? మతుండే మాట్లాడుతున్నావా?"

వడ్డిస్తున్న తల్లి అప్పాయమ్మ గరిటె ఆపింది. "నన్నిచ్చింది కలెక్టరుకి కాబోలు."

"నిన్నిచ్చారు కాబట్టే చెబుతున్నాను. ఏం సుఖపడ్డావే నువ్వు?"

అప్పాయమ్మ కాసేపు నిజాయితీగా ఆలోచించింది. "అదీ నిజమేలే," అని పప్పు వేసింది.

సుప్రియ బజార్లో ఒక జిరాక్సు కొట్లో పనిచేస్తుంది. మధ్యాహ్నం తండ్రికి క్యారేజి పట్టుకెళ్ళేదీ ఆమే. "నన్ను దేని కింద ఇస్తున్నావన్నయ్యా? ఆకర్షణ కిందా, నిలుపుదల కిందా?" అంది.

"నువ్వూరుకో."

"ఊరుకుంటాను. కానీ నాకిష్టమే."

అందరూ ఆమె వైపు చూశారు.

"క్యారేజి ఒక్క నాన్న కోసమే తీసుకెళ్తున్నాననుకున్నారా? దారానికి గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి గోడ నిటారుగా ఉందో లేదో చూస్తాడే, అప్పుడు ఆ మనిషికి లోకంలో ఇంకేం అక్కర్లేదన్నట్టు ఉంటాడు. మా కొట్టుకి రోజూ ఎంతమంది వస్తారో. కుర్చీల్లో కూర్చునే ఉద్యోగాలే అందరివీ. ఒక్కడి మొహంలో అది కనబడదు."

(తాపీ వృత్తి ఒక మనిషిని నిజంగా ఆకర్షించినట్టు సంస్థ పుట్టాక దొరికిన ఆధారం ఇదొక్కటే. అధికారి ఆ సమయంలో అన్నంలో మజ్జిగ పోసుకుంటున్నాడు.)

"కబుర్లకేం గానీ," అన్నాడు సత్తియ్య, చెయ్యి కడుక్కుంటూ. "కుర్చీలో కూర్చునేవోడైతే చెప్పండి. రేపే తాంబూలాలు పుచ్చుకుందాం."

రాజేంద్రకి దారి ఆ మాటలోనే దొరికింది. మర్నాడు సంస్థలో ఒక కొత్త కొలువు ప్రతిపాదించాడు: క్షేత్ర ప్రేరణ సహాయకుడు. ఒక యువ తాపీ పనివాడు ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చే యువకులకి తాపీ పని ఎంత గొప్పదో చెబుతాడు.

"వృత్తిలోనే ఉన్నట్టు లెక్కా?" అని శ్యామలాంబ గారు ఫోనులో అడిగారు.

"ఉన్నట్టేనండి. రోజంతా దాని గురించే మాట్లాడతాడు."

"గోడ కడతాడా?"

"కట్టడండి."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడైంది. "నిలిచి ఉండాలని రాశారు గానీ కట్టాలని ఎక్కడా రాయలేదండి. కానివ్వండి."

గణేష్‌బాబు కుర్చీలో చేరాడు. మొదట్లో పరంజా చెక్క మీద కూర్చున్నట్టు అంచున కూర్చునేవాడు. ఒక కన్ను మూసి ఎదుటి గోడని చూసి, "ఇది వంగిందండి," అనేవాడు. కొన్నాళ్ళకి కుర్చీలో వెనక్కి వాలడం వచ్చింది. గోడ ఇంకా వంగే ఉంది గాని అతను చూడటం మానేశాడు. ఒక ఉదయం గోళ్ళు పూర్తిగా తెల్లబడ్డాయి. వాటిని బల్ల మీద పరుచుకుని చాలాసేపు, పోయినవాళ్ళ ఫొటో చూసినట్టు చూశాడు. రాజేంద్ర అది గమనించి, సర్దుబాటు దశ అని పేరు పెట్టాడు.

ఒకసారి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. గణేష్‌బాబు వాళ్ళకి తాపీ పని గొప్పతనం గంటసేపు చెప్పాడు. నిజంగానే బాగా చెప్పాడు. అంతా విని వాళ్ళలో ఒకడు, "మరి మీరెందుకు మానేశారండి?" అని అడిగాడు. గణేష్‌బాబు లేచి లోపలి గదిలోకి వచ్చి ఈ ప్రశ్నకి ఏం చెప్పాలని అడిగాడు. జవాబు కోసం పైకి రాస్తానన్నాడు రాజేంద్ర. ఈలోగా ఆ కుర్రాళ్ళు, ఇలాంటి కుర్చీ ఇంకోటి ఖాళీ ఉందేమోనని కనుక్కుని, లేదని తెలిసి వెళ్ళిపోయారు.

తాంబూలాలు పుచ్చుకున్నారు. గణేష్‌బాబు 'రాజేంద్ర గారూ' అనడం మాని 'బావగారూ' అనసాగాడు. సుప్రియ కాదనలేదు. ఒకరోజు క్యారేజి సర్దుతూ మాత్రం, "నేను మేస్త్రిని చేసుకుంటానన్నాను అన్నయ్యా. నువ్వు గుమాస్తాని చేసి తెచ్చావు," అంది. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి గొళ్ళెం బిగించింది. ఆ మాట ఎవరినీ నిందిస్తున్నట్టు లేదు. కొట్లో ఎవరో కాపీ మసకగా వచ్చిందంటే అవునన్నట్టు ఉంది.

సమీక్ష రోజు రాజేంద్ర ముందుగా పని దగ్గరికి వెళ్ళాడు. మూడు మూలలున్న కట్టడాన్ని భవనంగా పరిగణించవచ్చని అప్పటికే ఒక వివరణ తెప్పించి పెట్టుకున్నాడు. కింద అందించేవాళ్ళెవరూ లేరు. సత్తియ్య ఒక్కడే మాలు కలిపాడు, తట్టకెత్తాడు, తట్ట పరంజా మీద పెట్టాడు, తను ఎక్కాడు, నాలుగు ఇటుకలు పేర్చాడు, మళ్ళీ దిగాడు. ఎక్కేటప్పుడు రెండోసారి మోకాలు పట్టుకుని ఆగాడు. తట్ట రాజేంద్ర కాళ్ళ దగ్గరే ఉంది.

రాజేంద్ర చేతులు ముందుకి వచ్చాయి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఇలాగే ఒక తట్ట ఎత్తబోతే, సత్తియ్య అతని చేతి మీద తాపీ పిడితో కొట్టాడు. అంతకు ముందూ తర్వాతా ఎప్పుడూ కొట్టలేదు. ఎమ్మే దాకా నడిపించింది ఆ దెబ్బే.

"ముట్టుకోకండి సార్," అన్నాడు సత్తియ్య పైనుంచి. "చొక్కా పాడైపోద్ది."

చేతులు జేబుల్లోకి వెళ్ళాయి.

శ్యామలాంబ గారు కారు దిగారు. వెంట ఫొటోగ్రాఫరు ఉన్నాడు. ఎండలో నిలబడే గోడలన్నీ చూసి, బాగున్నాయన్నారు. "నిలిచిన యువకుడు ఎక్కడ?" అని అడిగారు. గణేష్‌బాబు తెల్లచొక్కాతో ముందుకొచ్చాడు. పరంజా మీద నిలబెట్టి ఒక ఫొటో తీయాలన్నారు. ఫొటోలో యువకులే ఉండాలి కాబట్టి ఆ పెద్దాయన్ని కాస్త పక్కకి రమ్మన్నారు.

సత్తియ్య చేతిలోని తాపీ వైపు చూశాడు. తర్వాత గణేష్‌బాబు వైపు చూశాడు. తాపీని నాలుగో మూల మీద పెట్టాడు. నోటితో ఏమీ చెప్పలేదు. దిగి, రోడ్డు దాటి, టీకి వెళ్ళిపోయాడు.

గణేష్‌బాబు పరంజా ఎక్కి ఆ తాపీ దగ్గర నిలబడ్డాడు. కాలవ గట్టు మీంచి క్యారేజితో వస్తున్న సుప్రియ ఆగింది. అతను వంగి తాపీ అందుకున్నాడు. ఎడంచేత్తో ఇటుక తీసుకున్నాడు. ఒక కన్ను మెల్లగా మూసుకుంది. రాజేంద్ర ఊపిరి బిగబట్టాడు, ఏ సంస్థ తరఫునో తనకే తెలియలేదు.

"బాగుందండి, అలాగే ఉండండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "కదలకండి."

గణేష్‌బాబు కదల్లేదు. ఫొటో అయిపోయింది. ఇంకోటి తీశారు. తర్వాత అతను ఇటుకని తీసినచోటే పెట్టి, కిందికి దిగి, జేబురుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. గోళ్ళు కూడా చూసుకున్నాడు. సుప్రియ క్యారేజి ఇటుకల మీద పెట్టి కొట్టుకి వెళ్ళిపోయింది.

సత్తియ్య టీ తాగి వచ్చాడు. నాలుగో మూల ఎలా వదిలాడో అలాగే ఉంది. కొంచెంసేపు దాన్నే చూశాడు. తట్టలో మాలు గట్టిపడుతుంటే రెండు చిప్పల నీళ్ళు చల్లి, తాపీ కోసం పైకి ఎక్కబోయాడు.

"విభాగం కొనసాగుతుంది," అని శ్యామలాంబ గారు రాజేంద్రకి చెప్పి, పెద్దాయన్ని కూడా ఒక మాట పలకరించాలని అటు తిరిగారు. "ఇంత మంచి పని చేతిలో ఉంది. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ వృత్తిలో ఉన్నారా?"

సత్తియ్య పరంజా మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగాడు. ముందు రాజేంద్ర వైపు, తర్వాత గణేష్‌బాబు వైపు చూశాడు. 'సార్' అన్నప్పుడల్లా వచ్చే ఆ తృప్తి మొహంలోకి వచ్చింది.

"దేవుడి దయవల్ల ఒక్కడూ లేడండి," అన్నాడు.